చిటికెన పుల్ల ఆపిన దరువు

డాక్టరు సన్నని కెమెరా గొట్టాన్ని నా నోట్లోంచి దించి, ఎదురుగా ఉన్న తెర మీద నా గొంతు నాకే చూపించాడు. ఎర్రగా, తడిగా ఉన్న రెండు పొరల మధ్య మెంతిగింజంత బొడిపె. భయపడాల్సిన జబ్బు కాదని ఆ కేరళ డాక్టరు హిందీలో చెప్పాడు. హమ్మయ్య అనుకునేలోగా మిగతాది కూడా చెప్పాడు. ఆరు నెలలు పాడకూడదు. అరవకూడదు. గుసగుసలు ఇంకా చెడ్డవి. మాట వినకుండా పాడితే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది, ఆ తర్వాత ఎలాంటి గొంతు మిగులుతుందో తాను చెప్పలేడు. ఇదంతా రోజుకు రెండుసార్లు పళ్లు తోముకోమన్నంత తేలిగ్గా చెప్పి తర్వాతి పేషెంటును పిలిచాడు.

క్లినిక్ మెట్లు దిగి బతా బజార్లో నిలబడ్డాను. శుక్రవారం సాయంత్రం కావడంతో రోడ్డంతా మనుషులే. ఆ గుంపులో నలుగురైదుగురు నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తారు. రియాద్‌లో నాకున్న మర్యాదంతా గొంతు సంపాదించి పెట్టిందే. నా పని ఏసీ మెయింటెనెన్స్, అంటే డక్టుల్లోకి దూరి దుమ్ము దులపడం. కనుబొమ్మల నిండా దుమ్ముతో బయటికొచ్చే మనిషిని ఎవరూ రెండోసారి చూడరు. కానీ మేముండే లేబర్ క్యాంపులో నేను పాటలాయనను. పాకిస్తానీ ఫోర్‌మన్ కూడా నన్ను ఉస్తాద్ అంటాడు. ఇరవై రెండేళ్లుగా ఆ పిలుపు తిని బతికాను. రేపు ఏమని పిలుస్తారో అనుకుంటూ పక్కనే ఉన్న దుకాణం మెట్టు మీద కూర్చుండిపోయాను.

మా బృందంలో నలుగురం. కీబోర్డు వాయించే ఆయన హైదరాబాద్ మనిషి, ఒక ఆఫీసులో ఇంజనీరు. మేం ఆయన్ని సారు అంటాం. డోలక్ కడప భాయ్‌ది. బతాలో ఆయనకు మొబైల్ ఫోన్ల దుకాణం ఉంది, దాని వెనక ఉన్న సామాన్ల గదే మా రిహార్సల్ హాలు. ఫ్లూటు ఊదే ఆయన గోదావరి జిల్లా నుంచి వచ్చి ట్రైలర్ నడుపుతాడు. నాది పాట. పదకొండేళ్లుగా కలిసి జానపదాలు చేస్తున్నాం. నేను ఊపిరి తీసుకునే చోటే వాళ్లు మలుపు తిరుగుతారు, నేను చరణం పొడిగిస్తే వాళ్లూ సాగుతారు. లెక్కలూ కాగితాలూ మాకు ఎప్పుడూ లేవు, నా ఛాతీ వంక చూసి వాయించడమే.

సామాన్ల గదిలో ముగ్గురికీ డాక్టరు మాట చెప్పాను. సారు గొంతు సవరించుకున్నాడు. ఆయనకు గొంతు సవరించుకునే హక్కు ఉన్నందుకు కూడా నాకు ఒళ్లు మండింది.

"అన్నా, ఆపొద్దు మనం. ఇన్‌స్ట్రుమెంటల్ ట్రై చేద్దాం. మీరు సింగింగ్ వదిలేసి డప్పు ప్లే చేయండి. వర్డ్స్ లేకపోతే ఇంకా ఎక్కువ మందికి రీచ్ అవుతుంది."

పాటలో మాటలు తీసేస్తే ఈకలు పీకిన కోడిలా ఉంటుందని నా అభిప్రాయం. కానీ ఆ మాట అనలేదు. దమ్మాంలో ఒక కొత్త గాయకుడు ఉన్నాడని, మంచి గొంతని, వారానికోసారి రియాద్ రాగలడని నెల కిందట వాళ్లే ఏదో సందర్భంలో చెప్పుకున్నారు. అప్పుడు నేను కూడా పిలవండి చూద్దాం అని పెద్దమనిషి తరహాలో నవ్వాను. ఇప్పుడు కాదంటే అతన్నే పిలుస్తారు. సరే సారు, డప్పే కొడతానన్నాను.

డప్పు నా చేతికి కొత్త కాదు, పాటల మధ్య అప్పుడప్పుడు తడుతుంటే వాళ్లూ చూశారు. కొత్తయితే ఇంత బాధ ఉండేది కాదు.

మా నాయన ఊళ్లో డప్పు కొట్టేవాడు. పెళ్లికీ కొట్టేవాడు, జాతరకూ కొట్టేవాడు, కానీ మా వాకిట్లోకి మనిషి వచ్చి నాయన్ని ఏకవచనంలో కేకేశాడంటే అది ఎక్కువగా చావు కబురే. పన్నెండో ఏట నుంచి నేనూ చిన్న డప్పు మెడకు తగిలించుకుని వెంట నడిచాను. శవం లేచేదాకా ఎండలో నిలబడాలి, కాటికి చేరేదాకా తిండి లేదు, మంచినీళ్లు దోసిట్లో పోస్తారు. పాటలు పాడే బృందంలో చేరితే కుర్చీ వేసి కూర్చోబెట్టి, కప్పులో చాయ్ ఇచ్చారు. ఆ రోజే అనుకున్నాను, ఇక చావుకు నన్నెవరూ పిలవకూడదని. గొంతు నన్ను అక్కడి నుంచి బయటికి లాగింది. అదే గొంతు ఇప్పుడు నన్ను తీసుకెళ్లి మళ్లీ అక్కడే వదులుతుందేమోనని నా భయం. ఈ సంగతి బృందంలో ఎవరికీ తెలియదు. చెప్పాల్సిన అవసరం రాలేదని ఇన్నాళ్లూ అనుకున్నాను కానీ, నిజానికి చెప్పడానికి సిగ్గుపడ్డాను.

నెల రోజులు తిప్పలు పడ్డాం. నేను పాడకపోతే మలుపు ఎక్కడో ఎవరికీ తెలియలేదు. డోలక్ ఒక దారి, ఫ్లూటు ఒక దారి. భాయ్ అలవాటు కొద్దీ నా ఛాతీ వంకే చూసేవాడు, అక్కడేమీ ఉండేది కాదు. సారు కాగితం మీద ఇంగ్లీషులో గీతలు గీసి అంకెలు వేశాడు. ఆ అంకెలు నాకు తలకెక్కలేదు. క్యాంపుకు తిరిగి వచ్చే బస్సులో కిటికీ వైపు తిరిగి, ఎవరికీ వినపడకుండా ఒక్క కూనిరాగం తీసి చూసుకునేవాణ్ని. వెంటనే భయమేసి నోరు నొక్కుకునేవాణ్ని. బొడిపె పెరిగిపోయినట్టే అనిపించేది.

ఐదో వారం సారు ఒక మాటన్నాడు. నేను పెళ్లి ఊరేగింపు దరువు కొడుతున్నాను. చిర్ర అంటే కుడిచేతి లావు కర్ర, చిటికెన పుల్ల అంటే ఎడమచేతి సన్నపుల్ల. ఆ రెండూ కలిసి పరుగెత్తితేనే పెళ్లి దరువు.

"స్లో చేయండన్నా. సగం స్పీడ్. ఆ లెఫ్ట్ హ్యాండ్ స్టిక్ ఆపేసి చూడండి. స్పేస్ వస్తుంది."

ఆపాను. చిర్ర ఒక్కటే నెమ్మదిగా పడింది. ఒకటి, ఒకటి, తర్వాత రెండు దగ్గరగా, మళ్లీ ఖాళీ. ఆ ఖాళీలోకి ఫ్లూటు సన్నగా వచ్చింది, కీబోర్డు కింది స్వరం పట్టుకుంది, డోలక్ వేళ్లతో మాత్రం తాకింది. నెల రోజుల్లో మొదటిసారి నలుగురం ఒకచోట ఉన్నాం. మూడో చుట్టుకు నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. మా వైపు చావు దరువు అచ్చం అదే. చిటికెన పుల్ల మూగబోతే శవం ఇంట్లోంచి కదిలిందని అర్థం.

"ఏందినా ఈ దరువు? బలే ఉండాది. పేరేంది దీనికి?" అన్నాడు భాయ్.

"నడక దరువు" అన్నాను. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

"ఒళ్లు జలదరించిందండి గురువుగారూ" అన్నాడు ఫ్లూటు ఆయన, తన చెయ్యి చూపించి.

సారు అప్పటికే దాన్ని ఫోన్లో రికార్డు చేశాడు. "అన్నా, ఇది మీ వల్లే వచ్చింది" అన్నాడు. గొంతు పోయిన మనిషికి నెల తర్వాత దొరికిన మొదటి మెప్పు అది. ఇది చావుకు కొట్టేదని ఆ క్షణంలోనే చెప్పాల్సింది. చెబితే నీకెలా తెలుసంటారు. తెలిసిన తర్వాత దమ్మాం గాయకుణ్ని పిలుస్తారు. పిలవకపోయినా, నన్ను చూసే చూపు మారుతుందేమో. కక్కలేక మింగలేక చాయ్ తాగేసి లేచాను.

మా తర్వాతి ప్రోగ్రాం సారు వాళ్ల ఆఫీసు కుటుంబాల పండగ వేడుకలో. రియాద్ శివార్లలో ఇస్తిరాహా అద్దెకు తీసుకున్నారు. చుట్టూ గోడ, మధ్యలో పచ్చిక, ఒక పక్క హాలు ఉండే తోట అది. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు తర్వాత మొదలు. ఆఫీసు వాళ్లు సిటీల్లో పెరిగినవాళ్లు, పిల్లలు ఇంగ్లీషులో ఏడ్చేవాళ్లు. వాళ్లకు చావు దరువేమిటో, పెళ్లి దరువేమిటో తేడా తెలియదని ధైర్యం చెప్పుకున్నాను. ఆ ధైర్యం బుధవారం దాకా నిలిచింది.

బుధవారం సారు ఫోన్ చేశాడు. "గుడ్ న్యూస్ అన్నా. క్యాంపుల నుంచి రెండు బస్సులు వస్తున్నాయి. అంతా మీ వైపు వాళ్లే, జగిత్యాల, నిర్మల్, కామారెడ్డి. ఫుల్ క్రౌడ్."

సరే సారు అని పెట్టేశాను. ఆ బస్సుల్లో వచ్చేవాళ్లలో ఆ దరువు వెనక నడవని మనిషి ఒక్కడూ ఉండడు. పైగా ఊరి నుంచి ఫోన్ వస్తే ముందు భయపడి తర్వాత ఎత్తే బతుకులు వాళ్లవి. నాదీ అంతే. పండగ చేసుకుందామని ఇస్త్రీ చొక్కాలు వేసుకుని వచ్చిన మనుషుల ముందు నేను చావు డప్పు కొట్టబోతున్నాను.

గురువారం భాయ్ దుకాణానికి వెళ్లాను, చెప్పేద్దామనే. దుకాణంలో ఇద్దరు బంగ్లాదేశీలు బేరమాడుతున్నారు. వాళ్లు వెళ్లాక ఏందినా ఇట్ల వచ్చినావు అని అడిగాడు. నా ఫోన్‌కు కవర్ కావాలన్నాను. నల్లది ఒకటి కొనుక్కుని క్యాంపుకు వచ్చేశాను. జ్వరమని చెబుదామా అనుకున్నాను, నా బదులు దమ్మాం అతను వస్తాడని గుర్తొచ్చి మానుకున్నాను.

శుక్రవారం ఇస్తిరాహాలో ఎండ మెత్తగా ఉంది. బస్సులు దిగిన మనుషులు ముందు నా దగ్గరికే వచ్చారు. "పాటలన్నా, గొంతెట్లున్నది?" అని ఒక్కొక్కరూ అడుగుతుంటే చేత్తో సైగ చేసి తప్పించుకున్నాను. తేలు కుట్టిన దొంగలా స్టేజీ వెనక నిలబడి డప్పు చర్మాన్ని పదిసార్లు తడిమాను. రియాద్ పొడి గాలికి అది దానంతటదే బిగుసుకుని ఉంది, మంట మీద కాచే పని కూడా లేదు.

మొదటి మూడూ జోరు దరువులు. బాగా వెళ్లాయి. మేం మాటలు తీసేస్తే జనం తమంతట తామే మాటలు పాడుకున్నారు. నా పాటలు నేను లేకుండా పాడుతుంటే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. మూడోది అయ్యాక సారు వైపు తిరిగి, నాలుగోదైన నడక దరువు వద్దని చేత్తో చెప్పాను. ఆయన తల ఊపి, నవ్వి, కీబోర్డు మీద ఆ కింది స్వరమే పట్టుకున్నాడు. నేను కంగారుపడుతున్నానని అనుకున్నాడట. ఫ్లూటు అందుకుంది. ముగ్గురూ నా కోసం ఆగారు. చిర్ర పడింది.

రెండు చుట్లు ఎవరికీ తెలియలేదు. మూడో చుట్టులో వెనక వరసల్లో మాటలు ఆగాయి. ఎత్తి పట్టుకున్న ఫోన్లు ఒకటొకటిగా దిగాయి. ముందు కుర్చీల్లో ఆఫీసు వాళ్ల పిల్లలు ఆడుకుంటూనే ఉన్నారు, వెనక రెండు బస్సుల మనుషులు బిగుసుకుపోయారు. ఆపితే తప్పు చేసినట్టు, ఆపకపోతే ఇంకా పెద్ద తప్పు చేసినట్టు.

"పండుగ పూట సావు దరువేందే?" అని ఒకాయన లేచాడు. "ఎవలన్న సచ్చిండ్రా ఈడ?"

ఇంకొకాయన బస్సు వైపు నడిచాడు. నా చెయ్యి ఆగిపోయింది. సారు పక్కకు వంగి "ఏమైందన్నా?" అన్నాడు. ఇక దాచడానికేమీ మిగల్లేదు. బొంగురు గొంతుతోనే చెప్పాను.

"గిది సావుకు కొట్టేది సారు. నాకు ముందే ఎర్క."

సారు ముఖం పాలిపోయింది. భాయ్ డోలక్‌ను ఒళ్లోంచి దించి పక్కన పెట్టాడు. "ముందే చెప్పింటే బాగుండు గదనా" అన్నాడు. అంతకంటే గట్టిగా తిట్టినా నాకు అంత నొప్పి కలిగేది కాదు.

అప్పుడు వెనక నుంచి ఒక మనిషి కుర్చీల మధ్యగా నడిచి వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. మా క్యాంపు పక్క క్యాంపులో షట్టరింగ్ కార్పెంటరు, మెట్‌పల్లి అవతలి వాడు. ముఖం తెలుసు, మాట్లాడింది లేదు. కొడతాడేమోనని నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అతను స్టేజీ ముందు ఆగాడు.

"ఎందుకాపినవ్ కాకా? కొట్టు."

నేను చిర్ర దించి పట్టుకుని అతని వంక చూశాను.

"మా అన్న పోయి రెండు నెలలైతాంది" అన్నాడు. "నా ఇకామా కార్డు గడువు అయిపోయి ఉండె, ఊరికి పోయి వచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ పర్మిషన్ రాలె. వీడియో కాల్‌ల సూసిన. అన్నకు కొడుకుల్లేరు, దింపుడు కల్లం కాడ నేనే పిలువాలె. ఫోన్ అన్న చెవు కాడ పెట్టిండ్రు. పిలువురా అన్నరు. గప్పుడే లైన్ కట్టయింది. మల్ల కలువలె." కాస్త ఆగి, అదే గొంతుతో అన్నాడు. "గా కల్లం దాక కొట్టు. నడుమ ఆపకు."

దింపుడు కల్లం అంటే కాటి దారిలో పాడెను నేల మీదకు దించే చోటు. డప్పు ఆగుతుంది. దగ్గరి మనిషి వంగి, పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలన్నా మిగిలి ఉంటే లేస్తారని. చిన్నప్పుడు నేను ఎన్నిసార్లు ఆ చోట డప్పు ఆపి నిలబడ్డానో లెక్క లేదు. ఒక్కరూ లేవలేదు. అయినా నేను ప్రతిసారీ లేస్తారేమోనని చూసేవాణ్ని.

బస్సు వైపు వెళ్లినాయన ఆగాడు. అరిచినాయన నిలబడే ఉన్నాడు. నేను ముగ్గురి వంకా చూశాను. ఇది స్టేజీ మీద చేయదగిన పనేనా, చేస్తే రేపటి నుంచి నన్ను ఏమంటారు, ఆ మనిషికి మేలా కీడా, ఏదీ తెలియదు. భాయ్ లేచి నిలబడి, శవం ముందు నిలబడినట్టు తల మీద రుమాలు కట్టుకున్నాడు. ఫ్లూటు ఆయన నా కళ్లలోకి చూశాడు. నేను తల ఊపాను.

చిటికెన పుల్లను జేబులో పెట్టుకుని కొట్టాను. ఈసారి సారు చెప్పిన వేగం కాదు, మా నాయన నడిచిన వేగం. ఫ్లూటు ఒక్క స్వరం పట్టుకుని కింద నుంచి వచ్చింది, అంతకంటే ఏమీ చేయలేదు. ఇంట్లోంచి వాకిలి, వాకిలి నుంచి వీధి, వీధి నుంచి చెరువు పక్క బాట. ఎక్కడున్నామో నా చేతికి తెలుసు. కార్పెంటరు కళ్లు మూసుకుని నిలబడ్డాడు. అతనూ నడుస్తున్నాడని అతని మోకాళ్ల కదలిక చూస్తే తెలుస్తోంది. ఆ చోటు వచ్చింది. డప్పు ఆపాను. నా సైగకు ఫ్లూటు కూడా ఆగింది.

అందరూ నా వంకే చూశారు. పదకొండేళ్లుగా పాట మధ్యలో ఆగితే నేనే ఏదో ఎత్తుకుంటానని వాళ్లకు అలవాటు. నాకూ అలవాటే. ఏడుపు పాట ఒకటి ఛాతీలోంచి లేచి గొంతు దాకా వచ్చింది. మంచి పాట, వాళ్లందరినీ ఏడిపించగలిగేది. ఒక్క చరణం పాడితే నన్ను క్షమిస్తారు, మళ్లీ ఉస్తాద్ అంటారు. ఆ ఆశ నాకు కలిగింది, దాచుకోను. కానీ ఆ ఖాళీ నాది కాదు. పళ్లు బిగించి నిలబడ్డాను.

కార్పెంటరు కళ్లు తెరిచాడు. ఎక్కడ పిలవాలో తెలియక చుట్టూ చూశాడు. పచ్చిక, కుర్చీలు, బిర్యానీ డేగిశాలు. చివరికి ఒక మెట్టు ఎక్కి, నా ఛాతీ మీద వేలాడుతున్న డప్పు దగ్గరికి వంగాడు. చర్మానికి నోరు ఆనించి పిలిచాడు.

"అన్నా."

డప్పు వెనక ఉన్న నా అరచేతికి ఆ పిలుపు తగిలింది. అతను ఆగాడు. నేను కూడా ఆగి విన్నాను, చిన్నప్పటిలాగే, ఏమో లేస్తాడేమోనని.

"అన్నా."

వెనక ఎవరో ముక్కు చీదారు.

"అన్నా" అన్నాడు మూడోసారి. ఈసారి గొంతు పగిలింది. తల ఎత్తకుండా అలాగే ఉండిపోయాడు. అతని కన్నీళ్లు చర్మం మీద పడ్డాయి. తడిస్తే డప్పు పలకదని తెలిసినా నేను తుడవలేదు.

మూడో పిలుపు తర్వాత పాడె ఎత్తాలి. ఎత్తాలంటే డప్పు మొదలవ్వాలి. బస్సుల్లో వచ్చినవాళ్లు అప్పటికే కుర్చీల్లోంచి లేచి, ఎవరూ చెప్పకుండానే అతని వెనక వరసగా నిలబడ్డారు. ఇందాక నా మీద అరిచినాయన అతని భుజం పట్టుకున్నాడు. అందరూ కదలడానికి నా కోసం ఎదురుచూస్తున్నారు. డప్పు కొట్టేవాడు అందరికంటే ముందు నడవాలి.

నేను స్టేజీ దిగాను.